మూడో సాక్షి

"ముందు మీ పేరు చెప్పండి."

"సమాధానం."

కామాక్షికి ఒళ్ళు మండింది. కోర్టు తీర్పు కాపీ కోసం గంటన్నర సేపు క్యూలో నిలబడి కిటికీ దగ్గరికొస్తే, ఈ మనిషి ఆమె దరఖాస్తును అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది చెల్లదమ్మా’ అంటూ వెనక్కి తోశాడు. పెద్దసారుకు ఫిర్యాదు చేద్దామని పేరడిగితే వేళాకోళం ఒకటి!

"నేను ప్రశ్నే గదా సార్ అడిగింది. దానికి సమాధానం చెప్పండి."

"అదే చెప్పానమ్మా. సమాధానం."

"ఏం చెప్పినారు?"

వెనక నిలబడ్డ ముసలాయన కిసుక్కుమన్నాడు. కిటికీ లోపలి యువకుడు మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డును ఊచల మధ్య నుంచి బయటికి చాపాడు. ‘కె. సమాధానం, కాపీయిస్టు’ అని ఉంది. నవ్వాలో మానాలో తేల్చుకోలేని ముఖం, ఫోటోలోనూ అంతే.

"పెళ్లయిన ఏడేళ్లకు తన ప్రార్థనకు జవాబుగా పుట్టానని మా అమ్మ అలా పెట్టుకుంది. ఇక మీ కాగితం సంగతి చూద్దామా? ఇందులో కేసు నంబరు లేదు."

"నంబరు తెలిస్తే మీకాడికి ఎందుకొస్తా?"

"కోర్టు వెబ్‌సైట్లో పేరు కొట్టి చూశారా?"

"చూసినా. ఓబయ్య అని కొడితే పదముగ్గురు ఓబయ్యలు వచ్చినారు. మాకు కావాల్సిన ఓబయ్య వాళ్ళలో లేడు."

"పాత కేసులన్నీ అందులోకి ఎక్కలేదు. ఏ సంవత్సరం, ఏ పోలీస్ స్టేషను, ఏ నేరం, ముద్దాయి పేరు, తండ్రి పేరు, ఇవి రాసిస్తే రిజిస్టర్లలో వెతకొచ్చు. స్టేషన్లో ఎఫ్ఐఆర్ నంబరు దొరికితే ఇంకా తేలిక." అప్పటిదాకా అందరికీ వినబడేలా మాట్లాడుతున్న అతను కిటికీ దగ్గరగా వంగి గొంతు తగ్గించాడు. "ముద్దాయి మీకేమవుతారు?"

"నాయన," అంది కామాక్షి, అంతకంటే మెల్లగా.

వెనక క్యూకి ఆ మాట వినబడలేదు. వినబడకూడదనే అతను గొంతు తగ్గించాడని ఆమెకు అర్థమైంది. ఫిర్యాదు సంగతి అక్కడే మరిచిపోయింది.

"ఆయనే సంతకం పెడితే సులువు. మీరు అడిగితే మాత్రం మూడో మనిషి కింద లెక్క."

"కన్నకూతురు మూడో మనిషా?"

"మాకు అంతే అమ్మా. అఫిడవిట్ వెయ్యాలి. కాపీ ఎందుకు కావాలో కారణం రాయాలి."

కామాక్షి కాగితం తీసుకుని వరండా చివర బల్ల మీద కూర్చుంది. కార్తీకమాసపు వాన అప్పుడే మొదలైంది. వకీళ్ళు నల్లకోట్లు నెత్తిన కప్పుకొని పరుగులు పెడుతున్నారు. ‘కారణం’ అన్న మాట రాశాక ఆమె పెన్ను ఆగిపోయింది.

అల్లూరుకు తూర్పున సముద్రం ఒడ్డునున్న జాలరిపల్లె, చిన్న కుప్పం, వాళ్ళది. పద్దెనిమిదేళ్ళ కిందట, ఆమె ఒకటో తరగతిలో చేరిన ఏడు, రొయ్యల వ్యాపారి కిషోర్ బాబు పడవ ఇంజను ఒకటి ఒడ్డు మీంచి మాయమైంది. పోలీసులు ఓబయ్యను పట్టుకుపోయారు. పదకొండు రోజులకు జామీను దొరికింది. రెండేళ్ళు వాయిదాలు నడిచాయి. చివరికొక రోజు జడ్జిగారు ఇంగ్లీషులో ఏదో చదివారు. వకీలు భుజం తట్టి, ‘పో ఓబయ్యా, విడిచిపెట్టేసినారు’ అన్నాడు. ఓబయ్య ఇంటికొచ్చి వల భుజానేసుకున్నాడు. ఏ కాగితమూ అడగలేదు. ఆ వకీలు కూడా తర్వాత కాలం చేశాడు.

విడిచిపెట్టారన్నంత మాత్రాన నోళ్ళు మూతపడతాయా? ‘దొంగ కాదని విడవలా, దొరకలేదని విడిచినారు’ అన్నారు కొందరు. ఓబయ్య ఎవరికీ జవాబివ్వలేదు. అతన్ని తినేసింది ఆ మాట కూడా కాదు. చిన్ననాటి నుంచి ఒకే పడవలో వేటకెళ్ళిన మునెయ్య పేరు పోలీసుల సాక్షుల జాబితాలో కనబడింది. మునెయ్య సాక్ష్యం చెప్పిన వాయిదాకు ఓబయ్య జ్వరంతో మంచం మీదున్నాడు. ఏం చెప్పాడో వినలేదు, అడగనూ లేదు. జాబితాలో ఆ పేరు చూసిన నాటి నుంచే ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడిగా ఓబయ్యను నిలబెడదామని కుర్రవాళ్ళంతా ముచ్చటపడితే, ‘జైలు కూడు తిన్నోడా మనకు పెద్ద?’ అని ఒక గొంతు లేచింది. ఓబయ్య లేచి ఇంటికొచ్చేశాడు.

చనిపోయే ముందు తల్లి గురవమ్మ, ‘మీ నాయన దొంగ కాదు మే’ అని చెప్పింది. కామాక్షి నమ్మింది. కానీ అల్లూరులో రొయ్యల ల్యాబులో పరీక్షలు చేసే పిల్ల ఆమె. రొయ్య రంగు చూసి రోగం లేదని ఏ రైతుకూ చెప్పదు. నమ్మడం వేరు, తెలుసుకోవడం వేరు. ఒకవేళ తెలిసింది మంచిది కాకపోతే? పెన్ను ఆగింది అందుకే.

మధ్యాహ్నం టీ గ్లాసుతో వరండాలోకొచ్చిన సమాధానం ఆమె ఇంకా అక్కడే ఉండటం చూసి ఆగాడు.

"రాయలేదా?"

ఆమె కాగితం ఇచ్చింది. కారణం దగ్గర ఒకే వాక్యం ఉంది: ‘మా నాయన ఎలాంటివాడో తెలుసుకోడానికి.’

అతను చదివాడు.

"ఏడేళ్ళుగా ఈ దరఖాస్తులు చూస్తున్నాను. ఇంత నిజమైన కారణం ఎవరూ రాయలేదు. కానీ ఇది చాలదు."

"ఇంకేం రాయాల?"

ఇప్పుడే ఎందుకు కావాల్సొచ్చిందని అతను అడిగితే ఆమె సంఘం గొడవ చెప్పింది. అతను ఇంకో కాగితం మీద రాసిచ్చాడు, ‘సంఘం ఎన్నికలో నా తండ్రిపై వచ్చిన ఆరోపణకు రుజువు చూపుటకు’ అని. ఎవరి దగ్గర అఫిడవిట్ చేయించాలో, స్టాంపులు ఎక్కడ అంటించాలో చెప్పాడు.

"పాత కట్టలు కొన్ని గడువు తీరి తీసేసి ఉంటారు. సాక్షుల వాంగ్మూలాలు దొరక్కపోవచ్చు. తీర్పు మాత్రం ఉండాలి. దొరికాక నోటీసు బోర్డులో మీ నంబరు వేస్తారు."

"అల్లూరు నుంచి దినామూ వచ్చి బోర్డు చూడాల్నా?"

"నేను ఫోన్ చేస్తాను."

"అందరికీ చేస్తారా?"

సమాధానం టీ గ్లాసులోకి చూశాడు. "లేదు," అన్నాడు.

కామాక్షి నంబరు రాసిచ్చింది. బస్సెక్కాక గానీ తెలియలేదు ఆమెకు, తను నవ్వుతోందని.

స్టేషన్లో ఎఫ్ఐఆర్ నంబరు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నంబరుతో రిజిస్టర్లో కేసు నంబరు, దాంతో రికార్డు గదిలో కట్ట. ఈ మెట్లన్నీ సమాధానం ఫోన్లో ఒక్కొక్కటే చెబుతూ వచ్చాడు. మొదట్లో రెండు నిమిషాలు మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత రొయ్యలకొచ్చే రోగాల గురించీ, అతని తల్లి ప్రేమలీల గారు చర్చిలో పాడే పాటల గురించీ మాట్లాడటం మొదలయ్యాక కేసు సంగతి చివర్లో గుర్తొచ్చేది.

తీర్పు దొరికిందని చెప్పిన రోజు కామాక్షి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"చూసినారా? ఏముండాది?"

"చూశాను. కాపీ తయారు కావాలి. సూపరింటెండెంట్ గారి సంతకం, సీలు పడాలి. ఎల్లుండి తీసుకోండి."

"ఏముండాదో చెప్పండి చాలు."

"చెప్పకూడదు."

"మంచిదా చెడ్డదా, అదన్నా చెప్పండి!"

అతని ముఖంలో ఏమీ కనబడలేదు. మంచి వార్తయితే కళ్ళలోనైనా తెలియదా?

"మీకేం, మీకిది ఒక కట్ట. మాకు పద్దెనిమిదేళ్ళు," అంది.

"మీ ల్యాబులో రిపోర్టు మీద సంతకం పడకముందే రైతుకు చెప్పేస్తారా కామాక్షి గారూ?"

ఆ మాట నిజమే. నిజమైనందుకే ఆమెకు ఇంకా కోపమొచ్చింది. గొడుగు కూడా విప్పకుండా వానలోకి నడిచి వెళ్ళిపోయింది. ఆ రెండు రోజులూ అతను ఫోన్ చేసినా తీయలేదు.

శనివారం కాపీ చేతికొచ్చింది. ఏడు పేజీలు, ప్రతి పేజీ మీదా సీలు. కిటికీలోంచి ఇస్తూ సమాధానం ఒక్క మాటే అన్నాడు.

"మొదట్నుంచీ చివరిదాకా చదవండి. మధ్యలో ఆపొద్దు."

కామాక్షి బస్సులో కూర్చోగానే చివరి పేజీ తిప్పింది. ‘నాట్ గిల్టీ.’ ఆ రెండు మాటలూ నాలుగుసార్లు చదివి కాగితాన్ని గుండెకు అదుముకుంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. బస్సు కుదుపుల్లో కోర్టు ఇంగ్లీషు సరిగా మింగుడు పడటం లేదు. నాలుగో పేజీలో మునెయ్య పేరు కనబడింది. మూడో సాక్షి. పక్కనే ‘టర్న్‌డ్ హోస్టైల్’ అని ఉంది.

హోస్టైల్. అంటే శత్రువు. డిగ్రీ చదివిన పిల్లకు ఆ మాత్రం తెలియదా?

సరిగ్గా అప్పుడే, కోవూరులో, బస్సెక్కింది మునెయ్యే. తడిసిన కండువా పిండుకుంటూ ఆమె పక్క సీటు దగ్గర నిలబడ్డాడు.

"బాగుండావా మే? మీ నాయనకు దగ్గు తగ్గిందా?"

ఎన్నేళ్ళుగానో, దారిలో ఎదురైనప్పుడల్లా అతను ఈ రెండు మాటలు అడుగుతాడు, ఆమె తల ఊపి వెళ్ళిపోతుంది. ఈసారి ఊరుకోలేకపోయింది.

"మా నాయన దగ్గు సంగతి నీకెందుకు మామా? కోర్టులో శత్రువు అయినావంట గదా. ఇదో, రాసుండాది."

మునెయ్య ఆ కాగితాల వైపు చూశాడు. అతనికి చదువు రాదు.

"అట్టా రాసినారా?" అన్నాడు, అంతే. తర్వాతి స్టాపులో దిగిపోయాడు. అది అతను దిగాల్సిన ఊరు కాదు. వానలో రోడ్డు పక్కన నిలబడ్డ ఆ మనిషిని అద్దంలోంచి చూస్తే కామాక్షికి గెలిచినట్టనిపించాలి. అనిపించలేదు.

సాయంత్రం సమాధానం ఫోన్ చేస్తే తీసింది.

"మొత్తం చదివారా?"

"నాలుగో పేజీ దాకా. మునెయ్య మామ హోస్టైల్ అయినాడని చూసినాక ఇంక చదవబుద్ధి పుట్టలా."

"కామాక్షి గారూ, కోర్టులో హోస్టైల్ అంటే మీ నాన్నకు శత్రువని కాదు. తనను సాక్షిగా పిలిపించిన పోలీసుల కేసుకు ఎదురు తిరిగాడని. పోలీసులు రాసుకున్నది తను చెప్పలేదన్నాడు మునెయ్య. ఇంజను పోయిన రాత్రి ఓబయ్యా తనూ ఒకే పడవలో సముద్రం మీదున్నామని, తెల్లారాకే ఒడ్డుకొచ్చామని చెప్పాడు. ప్రభుత్వ వకీలు ఎంత గుచ్చి అడిగినా మాట మార్చలేదు. ఐదో పేజీ చూడండి. ‘మూడో సాక్షి మాటను నమ్మకపోవడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు’ అని జడ్జిగారు రాశారు. మీ నాన్న బయటపడింది ఆయన వల్లే."

కామాక్షి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గోడకు చేరగిలబడింది. తడిసిన కండువాతో రోడ్డు పక్కన నిలబడ్డ మనిషే కళ్ళ ముందున్నాడు.

"నేను ఆయన్ని ఎంత మాటన్నానో తెలుసా?" అంది, ఏడుస్తూ.

అతను ఓదార్చలేదు. ఆమె ఏడుపు ఆగేదాకా ఫోన్ పెట్టకుండా ఉన్నాడు. ఆ తర్వాత అడిగాడు, "రేపు ఆదివారం. ప్రార్థన అయ్యాక నేను రానా? మీ నాన్నకు నేను చదివి చెబుతాను. ఒక్క మాట కూడా తప్పు పోకూడదు."

మరునాడు మధ్యాహ్నం ఓబయ్య వసారాలో సమాధానం చాప మీద కూర్చుని ఏడు పేజీలూ తెలుగులో చదివాడు. కూతురు తనకు తెలియకుండా కోర్టుకెళ్ళిందని తెలిసినప్పుడు ఓబయ్య కనుబొమలు ముడిపడ్డాయి గానీ, చదవమన్నాడు. నాలుగో పేజీ దగ్గర చేతిలోని వల కింద పడేశాడు. ఐదో పేజీ దగ్గర, "ఇంకొక తూరి చదువు అబ్బయా," అన్నాడు. అతను మళ్ళీ చదివాడు.

ఓబయ్య లేచి, చొక్కా కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచాడు. కామాక్షి వెనకే పరుగెత్తింది.

మునెయ్య ఇంటి ముందు చేపలు ఎండేసే పట్టా మీది వాన నీళ్ళు తోస్తున్నాడు. ఓబయ్యను చూసి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మామా," ముందు కామాక్షే నోరు తెరిచింది. "బస్సులో నేనన్నది తప్పు. నాకు చదవను రాలా. నువ్వు మా నాయన పక్కన నిలబడినావని రాసుండాది."

మునెయ్య చీపురు గోడకు ఆనించాడు. "అట్టా రాసినారా?" అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు ఓబయ్య. పద్దెనిమిదేళ్ళ తర్వాత మొదటి మాట.

"అడిగినావా నువ్వు? జాబితాలో పేరు చూస్తానే మొగం తిప్పుకుని పోయినావు. నన్నెరిగినోడివి, నన్ను నమ్మలా. నమ్మకాన్ని అడుక్కుంటారంట్రా ఎవురన్నా?"

"జ్వరంతో పడుండా ఆ దినం..."

"తెలుసు. ఆ దినం మీ ఇంటికి గంజి పంపించింది ఎవురనుకున్నావు? చెప్పొద్దని గురవమ్మ చేత ఒట్టు వేయించుకున్నా."

ఓబయ్య అరుగు మీద కూలబడ్డాడు. మునెయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓబయ్య వట్టి ఒంటికేసి చూశాడు. తర్వాత మునెయ్యే అన్నాడు, "చొక్కా వేసుకోరా. దగ్గొస్తాది."

కామాక్షి వాళ్ళనక్కడే వదిలి వచ్చేసింది. ఇంటి దగ్గర సమాధానం కాగితాలు జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో పెడుతున్నాడు. అన్నం తినకుండా పోనివ్వనంది. తిన్నాక బస్సు దాకా సాగనంపడానికి నడిచింది. వాన వెలిసి, సముద్రం గాలి ఉప్పగా వీస్తోంది. ఇసక దారిలో ఇద్దరి మధ్యా ఒక మనిషి నడిచేంత దూరం ఉంది.

"ఆ రోజు మీ మీద కోపం చేసినా. ఏమనుకోవద్దు."

"రోజూ ఎవరో ఒకరి చెడ్డ రోజును టైపు చేస్తుంటాను," అన్నాడు అతను. "చేసి మరిచిపోవాలి. లేకపోతే అన్నం దిగదు. మీ నాన్న తీర్పు చదివినప్పుడు మొదటిసారి, ఇది ఇప్పుడే ఒకరికి చెప్పాలి, ఆ ముఖం నవ్వితే చూడాలి అనిపించింది. చెప్పకూడదు కాబట్టి మీ ముఖం చూడకుండా నిలబడ్డాను. మీరు వానలో వెళ్ళిపోతుంటే నా ఉద్యోగం మీద నాకే విసుగొచ్చింది."

ఇద్దరి మధ్యా ఉన్న దూరం కొంచెం తగ్గింది.

"రేపట్నుంచి మీకు కోర్టులో పని లేదు," అన్నాడు.

"లేదు."

"నాకు ఈ కుప్పంలో పని లేదు."

"లేదు."

"పని లేకపోయినా రావచ్చా?"

కామాక్షి ఆగింది. దూరంగా బస్సు హారన్ వినబడింది. "రావచ్చు. కానీ ఊరికే వచ్చిపోయేదానికైతే వద్దు."

"ఊరికే కాదు."

"మావాళ్ళు గంగమ్మకు పొంగలి పెట్టకుండా కొత్త వల నీళ్ళలో దించరు."

"మా అమ్మ ప్రార్థన చెయ్యకుండా అన్నం ముట్టదు."

"ఎట్టా మరి?"

"నాకూ తెలియదు," అన్నాడు నిజాయితీగా. "మీ పొంగలి మీరు పెట్టుకోండి, మా ప్రార్థన మేం చేసుకుంటాం. మిగతాది తగువులాడుకుంటూ తేల్చుకుందాం. తేలిగ్గా ఉంటుందని మాత్రం చెప్పను. రిపోర్టు రాకముందే మంచిదని చెప్పడం నాకు చేతకాదు."

ఆమె నవ్వింది. తేలికని చెప్పి ఉంటే నమ్మేది కాదేమో. "బస్సొచ్చింది. ఎక్కండి," అంది. అతను ఎక్కాక కిటికీ దగ్గరికెళ్ళి, "చేరగానే ఫోన్ చెయ్యి," అంది. ‘చెయ్యండి’ అనలేదని ఇద్దరికీ తెలిసేలోపే బస్సు కదిలిపోయింది.

ఆ వారం సంఘం మీటింగులో మునెయ్యే లేచి నిలబడి, కోర్టులో చెప్పిన మాట మళ్ళీ అందరి ముందూ చెప్పాడు. సీలు పడ్డ కాగితం చేతులు మారింది. జైలు కూడు అన్న గొంతు మళ్ళీ లేవలేదు. ఓబయ్య అధ్యక్షుడయ్యాడు.

అది జరిగిన మూడో నాడు, తండ్రి పడవ పక్కన కూర్చుని తాళ్ళు ముడేస్తుంటే కామాక్షి విషయమంతా చెప్పింది. పేరు, ఉద్యోగం, చర్చి, ఏదీ దాచలేదు. ఓబయ్య చేతులు తాడు మీద ఆడుతూనే ఉన్నాయి. ముడి పూర్తయి, లాగి చూసుకుని, అప్పుడు తలెత్తాడు.

"ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలంటారు."

"అంటారు నాయనా."

"నేను పద్దెనిమిదేళ్ళు పడినా. నువ్వు పడగలవా?"

"నువ్వు ఒంటిగా పడినావు. నేను ఒంటిగా పడను."

ఓబయ్య సముద్రం వైపు చూశాడు. మునెయ్య పడవను నీళ్ళలోకి తోస్తూ అతని కోసం కేకేస్తున్నాడు.

"ఆ అబ్బయ్య నా కాగితం ముందే చదివినాడు," అన్నాడు ఓబయ్య లేస్తూ. "నీతో మాట్లాడేదానికి అదే మంచి సాకు. ఐనా నోరు తెరవలా. అట్టాంటోడి చేతిలో ఇల్లు పెట్టొచ్చు." తాడు చుట్ట భుజానేసుకున్నాడు. "ఈ వారం వంజరం చేప పడతాది. ఆదివారం వాళ్ళమ్మను పిలుచుకొని రమ్మను. పులుసు నేనే కాస్తా."

కామాక్షి ఫోన్ తీసేసరికి ఓబయ్య అప్పటికే నడుములోతు నీళ్ళలో ఉన్నాడు, పడవ రెండో అంచు పట్టుకుని.